గుమ్మముమీద వ్రాసిన పేరు

వాక్యపాఠము: రూతు 2:1–13, 3:6–13
వీటితో కలిపి చదువవలసినవి: యోనా 1వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 11:19–26

పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి పోవు రోడ్డున సాయంకాలము షిఫ్టు వదలు వేళ కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ పాఠము సగము అర్థమగును. ఇస్నాపూరు కూడలిలో, పాశమైలారము మలుపున, రుద్రారము దగ్గర ఆటోలును మోటారు సైకిళ్లును బారులు తీరి పోవుచుండును. వాటిలో ఏదియు వట్టిగా ఉండదు. ఒక ఆటో వెనుక ఇమ్మానుయేలు అని వ్రాసియుండును. దాని ప్రక్క ఆటోమీద ఒక కులసంఘము పేరు, మరియొకదానిమీద సినిమా నటుని బొమ్మ. ఒక బండిమీద ప్రెస్ అని, ఇంకొకదానిమీద పోలీస్ అని ఉండును. లారీ వెనుక యజమాని పిల్లల పేర్లు వరుసగా ఉండును. సందులలోనికి పోయి చూచినయెడల అద్దెగదుల తలుపులమీద సిలువ గుర్తులు, యెహోవా నిస్సి, ఎబెనెజరు అను మాటలు కనబడును. వాటి ప్రక్క గదులవారు తమ దేవుళ్ల పటములు అంటించుకొనిరి.

గత నెల గృహకూటములో మా సంఘపు వృద్ధుడొకడు దీనిని గూర్చియే అడిగెను. “అయ్యగారూ, మా చిన్నప్పుడు ఊళ్ళె ఎవ్వలు తలుపు మీద ఏం రాసుకోలే. ఇప్పుడు అందరు రాసుకొనే తిరుగుతున్రు. ఎందుకంటరు?” అని అతడు అడిగినప్పుడు కూటములో పలువురు ఒక్కసారిగా జవాబిచ్చిరి. ఒకరు గర్వమనిరి. ఒక తల్లి, కాదు, సాక్ష్యమనెను. ఒక యౌవనుడు నవ్వి, “పోలీసోళ్లు ఆపకుండ, తాతా” అనెను. మూడును నిజమే. అయినను ఆ వృద్ధునికి తృప్తి కలుగలేదు, మాకును కలుగలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి వాక్యమును తెరచి చూచితిమి. చూచినదానిని సంఘములు కూడ చదివి ఆలోచింపవలెనని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట ఆ వృద్ధుని మాటనే తీసికొందము. ఊరిలో తలుపుమీద వ్రాసికొను పని ఎవరికి ఉండెను? క్రొత్తవాడు కనబడినయెడల “ఎవరి కొడుకువురా” అని అడుగుదురు. ఆ ఒక్క ప్రశ్నతోనే తాత పేరు, ఇల్లు, చేను, కులము, తీర్చని అప్పు సహా అన్నియు తెలిసిపోవును. మంచికి గాని చెడుకు గాని ఊరు మనిషిని ఎరిగియుండును. ఎరుగబడుట ఒక నీడ; కొందరికి అది ఒక సంకెల కూడ.

తరువాత మన ప్రాంతము మారెను. రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వచ్చెను. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధన సంస్థ స్థాపింపబడెను. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో మందుల ఫ్యాక్టరీలు, ఇనుప ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి లేచెను. మొదట మెదకు పల్లెలనుండి, పాలమూరునుండి జనులు వచ్చిరి. ఇప్పుడు ఒడిశానుండి, బీహారునుండి, ఉత్తర ప్రదేశ్‌నుండి, జార్ఖండ్‌నుండి వచ్చుచున్నారు. రేకుల కప్పుతో పది గదులు ఒక్క వరుసగా ఉండును. మూడవ గదిలో ఎవరున్నారో ఆరవ గదివారు ఎరుగరు. ఒకడు పగటి షిఫ్టు, ఒకడు రాత్రి షిఫ్టు. మంచము ఒకటే, దానిమీద పండుకొనువారు ఇద్దరు, వారు ఒకరినొకరు చూచుకొనునది గుమ్మము దగ్గర మాత్రమే.

ఫ్యాక్టరీలలో పనిచేయు మన సహోదరులకు ఒక సంగతి బాగుగా తెలియును. డ్రమ్ము మూత బిగించియున్నప్పుడు లోపల ఏమున్నదో కంటికి తెలియదు గనుక దానికి చీటి అంటింతురు. పదార్థము పేరు, బ్యాచి నంబరు, మండునదో కాల్చునదో తెలుపు గుర్తు దానిమీద ఉండును. చీటి చినిగిపోయిన డ్రమ్మును తెలిసిన కార్మికుడు ముట్టడు. ఎవరును ఎవరిని ఎరుగని చోట మనుష్యుడు కూడ మూత బిగించిన డ్రమ్మువలె ఉండును. తాను ఎవడో చూచువారికి తెలియదు. తెలిసికొనుటకు వారికి తీరికయు లేదు. కావున తన చీటి తానే వ్రాసి అంటించుకొనుచున్నాడు. ఇది మొదటి కారణము. దీనిలో పాపమేమియు మాకు కనబడలేదు, ఒంటరితనము కనబడెను. (ఇంకొక మాట ఇక్కడనే చెప్పవలెను. అట్టి ఖాళీ డ్రమ్ములను చవుకగా కొని, చీటి పెరికివేసి, త్రాగునీళ్లు పట్టుకొను ఇండ్లు మన సంఘములలో కొన్ని ఉన్నవి. దయచేసి ఆ పని మానుడి. చీటి పోయినంత మాత్రమున లోపలి విషము పోదు.)

రెండవ కారణము ఇంతకంటె లోతైనది. మనుష్యుడు నోరు తెరువకమునుపే ఇతరులు అతనిమీద ఒక పేరు వ్రాసి పెట్టుదురు. ఆ పేరును తుడుచుటకు అతడు తన చేతితో మరియొక పేరు వ్రాసికొనును. దీనిని మనకంటె ఎక్కువగా ఎరిగినవారెవరు? మెదకు సీమలో వెస్లియన్ మిషను దొరలు సువార్త చెప్పిన దినములలో ప్రభువును నమ్మినవారిలో ఎక్కువమంది మాదిగ, మాల కుటుంబములవారే. వారిలో పెంటయ్యలు, పెంటమ్మలు, పుల్లయ్యలు ఎందరో ఉండిరి. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే చనిపోవుచుండగా, బిడ్డను పెంటకుప్పమీదనో ఎంగిలి విస్తరిలోనో వేసి ఎత్తుకొనినచో మృత్యువు ముట్టదని నమ్మి తల్లులు పెట్టిన పేర్లు అవి. ఆ పేర్లలో తల్లిప్రేమ ఉన్నది. మేము వాటిని ఎగతాళి చేయము. అయితే దొర వాకిటిలోనికి పోవుసరికి ఆ పేరు చివరనున్న అయ్య పోయి గాడు వచ్చి చేరెడిది. అరువది ఏండ్లవాడైనను, మనుమలను ఎత్తుకొన్నవాడైనను గాడే.

అట్టివారు బాప్తిస్మము పొందినప్పుడు సామ్యేలు, దేవదానము, యేసుదాసు, కరుణమ్మ, శాంతమ్మ అను పేర్లు తీసికొనిరి. చాలామందికి చదువు రాదు గనుక వాటిని ఎక్కడను వ్రాసికొనలేదు; ఒకరినొకరు ఆ పేరుతో నిండుగా పిలుచుకొనిరి. ఆరు దినములు పొలములో సామేలుగా అని పిలువబడినవాడు ఏడవ దినమున గుడిలో సామ్యేలుగారు ఆయెను. 1924 డిసెంబరు 25న మెదకు మహాదేవాలయము ప్రతిష్ఠింపబడిన దినమున ఆ నేలమీద కూర్చున్నవారిలో అట్టివారు ఎందరున్నారో ఆలోచించుడి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దాని కట్టడమును నడిపించిరని అందరును చెప్పుకొందురు. రాళ్లు మోసినవారి క్రొత్త పేర్లను చెప్పుకొనువారు తక్కువ. కాబట్టి అట్టి సామ్యేలుగారి మునిమనుమడు నేడు తన ఆటోమీద ఇమ్మానుయేలు అని పెద్ద అక్షరములతో వ్రాయించినప్పుడు, ఇది గర్వమని మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. అతని పెద్దలమీద నూరేండ్లపాటు ఇతరులు వ్రాసినదానికి అది జవాబు కావచ్చును.

ఇప్పుడు రూతు గ్రంథము రెండవ అధ్యాయమునకు వత్తము. రూతు పరిగె ఏరుకొనుటకు వచ్చిన కూలిది. పొరుగు దేశమునుండి వచ్చినది. బోయజు పొలమునకు వచ్చి, ఈ చిన్నది ఎవరిదని కోత పనివారిమీద ఉన్న దాసుని అడుగుచున్నాడు. ఆరవ వచనములో ఆ దాసుడు చెప్పిన జవాబును మరల మరల చదువుడి. అతడు ఆమె దేశము చెప్పెను, ఎవరితో కూడ వచ్చెనో చెప్పెను. తరువాతి వచనములో, ఉదయమునుండి ఎంతసేపు పని చేసెనో కూడ చెప్పెను. ఆమె పేరు మాత్రము చెప్పలేదు. ఎరుగక చెప్పలేదో, అక్కరలేదని చెప్పలేదో వాక్యము తెలుపదు. అతడు చెడ్డవాడు కాడు. ఆమె కష్టపడి పనిచేసినదని మంచి మాటయే చెప్పెను. మేస్త్రీలు అట్లే చెప్పుదురు. మోయాబీయురాలు అను చీటి చాలును.

మన ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఈ దాసుని మాట ప్రతిదినము వినబడును. బీహారువాడు, ఒడిశావాడు, భయ్యా అని పిలుతురు. మనవారే పిలుతురు, గాడు అని పిలువబడినవారి మనుమలే పిలుతురు. 2025 జూన్ 30న పాశమైలారములో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది పొరుగు రాష్ట్రములనుండి వచ్చినవారు. కాలిపోయిన శరీరములలో ఎవరు ఎవరో గుర్తించుటకు బంధువుల రక్తము తీసికొని డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసి వచ్చెను. ఆ దినములలో గేటు బయట ఫోటోలు పట్టుకొని నిలిచిన తల్లులను, భార్యలను మనలో కొందరు కన్నులార చూచిరి. వారు అడిగినది పేరునే. ఆ గదుల వరుసలలో వారి ప్రక్కనే కాపురమున్న మనలో ఎందరము ఆ పేర్లు చెప్పగలిగితిమి?

ఇంతవరకు చీటి వ్రాసికొనువాని పక్షమున మాటలాడితిమి. ఇప్పుడు రెండవ వైపు చూడవలెను. యౌవనుడు చెప్పిన మాట ఒకటి మిగిలియున్నది. ప్రెస్ అని వ్రాసికొన్న బండ్లన్నియు పత్రికలవారివి కావు. పోలీస్ అని వ్రాసికొన్న బండ్లన్నియు పోలీసువారివి కావు. చీటివలన దారి దొరుకునని తెలిసినప్పుడు చీటి సరుకగును. మతమునకు సంబంధించిన చీటికి కూడ ఇది వర్తించును. పరిసయ్యులు తమ రక్షరేకులను వెడల్పు చేసికొనిరని ప్రభువు మత్తయి 23:5లో చెప్పినప్పుడు రక్షరేకు ధరించుటను ఆయన తప్పు పట్టలేదు; దాని వెడల్పును, చూచువారికొరకైన ఆ వెడల్పును తప్పు పట్టెను. గుమ్మములమీద దేవుని మాటలు వ్రాయుమని ద్వితీయోపదేశకాండము 6:9 ఆజ్ఞాపించుచున్నది గదా అని మీరు అడుగవచ్చును. అవును. అయితే ఆరవ వచనమునుండి చదువుడి. మొదట హృదయములో ఉండవలెను; పిదప పిల్లలకు నేర్పవలెను; ఇంట కూర్చున్నప్పుడును త్రోవను నడచునప్పుడును మాటలాడవలెను; గుమ్మము చిట్టచివర వచ్చును. మనలో కొందరు చివరిదానితో మొదలుపెట్టి అక్కడనే నిలిచిపోయిరి.

ఈ విషయములో యోనాకంటె స్పష్టమైన మాదిరి మాకు కనబడలేదు. తుపానులో ఓడవారు అతనిని లేపి ఒక దరఖాస్తు ఫారములో వలె వరుసగా ప్రశ్నలు వేసిరి. నీ పని ఏమి? ఎక్కడనుండి వచ్చితివి? నీ దేశమేది? నీ జనమేది? యోనా ఏ సందేహము లేక తాను హెబ్రీయుడనని, సముద్రమునకును భూమికిని సృష్టికర్తయైన దేవునియందు భయభక్తులు గలవాడనని చెప్పెను. చెప్పిన ప్రతి మాటయు సత్యమే. సిద్ధాంతములో ఒక్క తప్పు లేదు. అయితే ఆ మాట చెప్పునప్పుడు అతని కాళ్లు ఎక్కడ ఉన్నవి? తర్షీషునకు పోవు ఓడలో! అదే దేవుని సన్నిధినుండి పారిపోవుచు, ఆ ప్రయాణమునకు కేవు కూడ చెల్లించియున్నాడు. పదియవ వచనములో ఓడవారు భయపడి, నీవు చేసిన పని ఏమని అడుగుచున్నారు. అన్యులైన ఆ నావికులు చీటినిబట్టి ఊరకుండలేదు. చీటికిని నడతకును ఉన్న దూరమును చూచి భయపడిరి. మన ప్రాంతపు నక్కవాగు ఇందుకు ఒక గురుతు. వాగు పేరు తాతలనాటినుండి అదియే. ఫ్యాక్టరీల వ్యర్థజలము కలిసి దాని నీరు మారిపోయెను. 1990లో ఆ సంగతి వ్యాజ్యముగా సుప్రీంకోర్టువరకు పోయెను. పేరును చూచి ఆ నీరు పశువులకు పెట్టు రైతు ఎవడును లేడు.

యోనాను గూర్చి వ్రాయుచున్నప్పుడు మా మనస్సు మమ్మును కూడ గద్దించెను. మా సైకిలుమోటారు ముందు భాగమున ఒక సిలువ స్టిక్కరు ఉన్నది. వర్షాకాలములో ఒక దినమున ముత్తంగి దగ్గర ఒక మనుష్యుడు బండి జారి పడి చెయ్యి ఎత్తగా, కూటమునకు ఆలస్యమగునని చూడనట్లే పోయితిమి. ఆ సిలువను అతడు చూచియుండును. ఇంతకంటె వ్రాయనక్కరలేదు.

క్రైస్తవుడు అను పేరు మాటకు వత్తము. క్రొత్త నిబంధన అంతటిలో ఈ మాట మూడే చోట్ల కనబడును. అపొస్తలుల కార్యములు 11:26లో అంతియొకయ పట్టణములో శిష్యులు మొదట అట్లు పిలువబడిరి, పిలిచినవారు ఇతరులు. 26:28లో ఆ మాట అగ్రిప్పరాజు నోట వచ్చినది. 1 పేతురు 4:16లో, ఆ పేరునుబట్టి శ్రమపడవలసి వచ్చిన యెడల సిగ్గుపడవద్దని అపొస్తలుడు వ్రాసెను. ఈ మూడింటిలో ఏ ఒక్కచోటను విశ్వాసి తన్ను తాను పొగడుకొనుటకు ఆ మాటను వాడలేదు. తమలో తాము వారు శిష్యులనియు, సహోదరులనియు, పరిశుద్ధులనియు, మార్గమునకు చెందినవారనియు చెప్పుకొనిరి. అంతియొకయవారు వీరిని చూచి క్రొత్త పేరు ఎందుకు వెదకవలసి వచ్చెను? పాత చీటీలలో ఏదియు వీరికి అతుకలేదు గనుక! ఒకే బల్లయొద్ద యూదుడును గ్రీసుదేశస్థుడును కూర్చుండిరి. దీనిని ఏమని పిలువవలెనో ఎవరికిని తెలియలేదు.

మనకైతే ఇప్పుడు పేర్లకు కరవు లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లును, మెథడిస్టులును, దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారును తమ తమ బోర్డులు దించి ఒక్కటైరి. ఈ రోడ్డుమీద నేడు నిలిచి చూడుడి, ఎన్ని బోర్డులు లేచినవో! బోర్డుమీద సంఘము పేరుకంటె పాస్టరుగారి ఫోటోయే పెద్దదిగా ఉన్నవి కొన్ని. దీనిని గూర్చి వేరొక నెలలో వ్రాయుదుము.

ఇక కష్టమైన మాట. తలుపుమీద ఒక పేరు, కాగితముమీద వేరొక పేరు గల కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. ఈ సంగతి అందరును ఎరుగుదురు, ఎవరును మాటలాడరు. 1950 ఆగస్టు 10న జారీ అయిన రాష్ట్రపతి ఉత్తరువు మూడవ పేరాప్రకారము హిందూమతస్థులు మాత్రమే షెడ్యూల్డు కులములవారుగా ఎంచబడిరి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను దానిలో చేర్చిరి. క్రైస్తవులు బయటనే ఉండిరి. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములకు 15 శాతము రిజర్వేషను ఉండగా, ఆ కులములనుండి క్రైస్తవులైనవారును వారి సంతానమును బి.సి.లలో సి గుంపుగా 1 శాతము పొందుచున్నారు. బాప్తిస్మము పొందిన మరునాడు ఊరిలో ఏ ఇంటివారును అతనిని వేరు కులమువాడని ఎంచలేదు. బావి మారలేదు, వాడ మారలేదు, పిలుపు మారలేదు. కాగితము మాత్రము మారెను. ఈ కట్టును తీసివేయవలెనని 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషను సిఫారసు చేసెను. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడెను. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, క్రైస్తవమును ఆచరించుచు రిజర్వేషను కొరకు మాత్రమే హిందువునని చెప్పుట రాజ్యాంగమును మోసగించుటయని పుదుచ్చేరి వ్యాజ్యములో తీర్పు చెప్పెను.

కొందరు బోధకులు బల్లమీద గ్రుద్ది, ఇట్టివారు వేషధారులని గద్దించుట మేము వింటిమి. ఆ బోధకులలో చాలామందికి ఈ ఫారము నింపవలసిన అవసరము ఎన్నడును కలుగలేదు. కొంతకాలము క్రితము ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. పిల్లవాడు బాగుగా చదువుకొన్నవాడు. చాలసేపు నేలచూపు చూచి ఆమె, “అయ్యగారూ, బాప్తిస్మం పుస్తకంల పిల్లగాని పేరు కొట్టేయొస్తదా?” అని అడిగెను. ఆ మాట ఆమె నోట వచ్చుటకు ఎంత బాధపడెనో మేము చూచితిమి. ఆమెయే ఇరువది ఏండ్ల క్రితము ఆ బిడ్డను ఎత్తుకొని ఆ పేరు వ్రాయించినది.

మేము ఆ పేరు కొట్టివేయలేదు. కొట్టివేయుటకు అది మా పేరు కాదు. వారిమీద ఏ కార్యాలయమునకు పోయి చెప్పుటయు మా పని కాదని చెప్పితిమి. చట్టములో ఉన్నది ఉన్నట్లు వివరించితిమి. అబద్ధపు సర్టిఫికెట్టుమీద వచ్చిన ఉద్యోగము ఎన్ని ఏండ్ల తరువాతనైనను పోవచ్చునని, బి.సి.-సి సర్టిఫికెట్టు తెచ్చుకొనుటకు కావలసిన సంఘపు పత్రము మేము వ్రాసి యిత్తుమని చెప్పితిమి. ఒక శాతము ఎంత చిన్న ద్వారమో మాకు తెలియును. ఆ సంగతి వారితో దాచలేదు. తరువాత పౌలును గూర్చి కొంచెము మాటలాడుకొంటిమి. ఫిలిప్పీలో బెత్తముల దెబ్బలు తినువేళ తాను రోమీయుడనను మాట అతడు పట్టుపట్టి చెప్పినట్లు వ్రాయబడలేదు, మరునాడు విడిపించుటకు వచ్చినప్పుడు చెప్పెను (అపొ. కా. 16:37). యెరూషలేములో అయితే కొరడా ఎత్తకముందే చెప్పెను (22:25). చట్టము ఇచ్చిన పేరును అడిగి తీసికొనుట పాపము కాదు. పౌలు దానిని అడిగెను. కాని అతనికి ఆ పేరు పుట్టుకతో నిజముగా ఉన్నది.

అప్పుడు పిల్లవాడు మొదటిసారి నోరు తెరచి, “మరి పేతురు సంగతేందయ్యగారూ?” అనెను. చలిమంటయొద్ద మూడుసార్లు కాదన్న పేతురును గూర్చి అతడు అడిగెను. పేతురు నోరు కాదనినను అతని గలిలయ యాస అవుననెను. అక్కడివారు మాటను బట్టియే పట్టుకొనిరి (మత్తయి 26:73). ప్రభువు అతనిని విడిచిపెట్టలేదు. తరువాత మరియొక నిప్పులమంటయొద్ద చేపలు కాల్చిపెట్టి, తన్ను ప్రేమించుచున్నావా అని అతనిని అడిగెను. ఈ మాట మేము చెప్పినప్పుడు తల్లి కన్నీళ్లు తుడుచుకొనెను. ఆ పిల్లవాడు ఫారములో ఏమి వ్రాసెనో మేము అడుగలేదు. ఆదివారములలో అతడు వెనుక బల్లమీద కూర్చుండుచున్నాడు. అన్యాయమైన ఆ మూడవ పేరా మనలను రెండు పేర్ల మనుష్యులనుగా చేసినదని పైవారికి మొరపెట్టుట సంఘమంతటి పని. దలిత క్రైస్తవులు ప్రతి సంవత్సరము ఆగస్టు 10ని నల్లదినముగా ఆచరించుచున్నారు. ఆ దినమున నిలుచుటకు మన గ్రామసంఘములనుండి పోవువారు బహు తక్కువ. ఈ బరువును ఒక్కొక్క తల్లి నెత్తిన వేసి మనము గుడిలో పాటలు పాడుకొనుట సరికాదని మా అభిప్రాయము.

మరల రూతు గ్రంథమునకు. రెండవ అధ్యాయములో రూతు బోయజు ఎదుట సాగిలపడి తన్ను తాను పరదేశినని చెప్పుకొనెను (10వ వచనము). ఇతరులు అంటించిన చీటిని ఆమె తన నోటితోనే చదివెను. బోయజు ఆమెతో ఏమి చేసెను? ఆమె అత్తకు చేసిన మేలంతయు తాను వింటినని చెప్పెను, భోజనవేళ పిలిచి రొట్టె పెట్టెను, పేలాలు అందించెను, పనులలో ఆమెను ఎవరును అవమానపరచకుండ కట్టడ చేసెను. మూడవ అధ్యాయములో, చీకటిలో, కళ్లమునొద్ద, నీవెవరవని అతడు అడిగినప్పుడు ఆమె దేశము పేరు చెప్పలేదు, పరదేశినని చెప్పలేదు. రూతునని తన పేరు చెప్పెను. రెండు అధ్యాయముల నడుమ గడచినది యవలకోత, గోధుమకోత కాలము మాత్రమే. నాలుగవ అధ్యాయములో గవినియొద్ద పెద్దల ఎదుట బోయజు మాటలాడునప్పుడు మోయాబీయురాలైన రూతు అనియే చెప్పవలసి వచ్చెను. అది న్యాయసభ, అక్కడ కాగితపు పేరు కావలెను. కాని కళ్లమునొద్ద ఆమెకు ఆ చీటి అక్కరలేకపోయెను. అక్కడ ఆమెను ఎరిగినవాడు ఉండెను.

ఈ పాఠమును కూటములో చదివిన తరువాత ఆ వృద్ధుడు ఇంకొక మాట అడిగెను. “అయితె మనం ఏం జేద్దం?” ఆటోల మీది అక్షరములు చెరిపివేయుమని మేము ఎవరికిని చెప్పలేదు. ఆదివారము వెనుక వరుసలో కూర్చుండి, మన భాష రాక, ఆశీర్వాదము కాగానే లేచి పోవు పొరుగు రాష్ట్రపు పిల్లలను గూర్చి మాటలాడుకొంటిమి. మూడేండ్లుగా వచ్చుచున్న ఒకనిని మేమందరము ఒడియా తమ్ముడు అనియే పిలుచుచున్నామని అప్పుడు తెలిసెను. అతని పేరు ఎవరికి తెలియునని మేము అడుగగా కూటములో ఒక్కరును చెప్పలేకపోయిరి; మేమును చెప్పలేకపోయితిమి.

పెద్దలు ఒక నోటుపుస్తకము కొని తెచ్చిరి. దానిలో ఏ ఏ గడులు గీయవలెనని కొంత వాదన జరిగెను. ఒకరు రాష్ట్రము అనిరి. ఒకరు ఏ సంఘమువారో వ్రాయవలెననిరి. పాత అలవాటుచొప్పున ఒకరు కులమనగా మిగిలినవారు అతనివైపు చూచిరి, అతడు ఊరకుండెను. తుదకు నాలుగు గడులు నిలిచెను: పేరు, ఉండు గది, పనిచేయు చోటును షిఫ్టును, ఆపద వచ్చినయెడల ఎవరికి ఫోను చేయవలెను. మరుసటి ఆదివారము ఆరాధన కాగానే ఆ వృద్ధుడే పుస్తకము పట్టుకొని గుమ్మమునొద్ద నిలిచెను. ఒడియా తమ్ముడు కలము తీసికొని తన అక్షరములతో తన పేరు వ్రాసెను. అది మనలో ఎవరికిని చదువ రాలేదు. వృద్ధుడు అతని చెయ్యి విడువక, “చెప్పు బిడ్డా, నోటితోని చెప్పు” అనెను. అతడు చెప్పెను. వృద్ధుడు రెండుసార్లు తప్పుగా పలికి, మూడవసారి సరిగా పలికి, దాని ప్రక్కనే తెలుగులో వ్రాయించెను.